డెల్టా ఇంట్లో ట్రావర్టైన్ పలకలు: ఏడాదిన్నర వాడకం తరువాత

డెల్టాలో పుట్టినవాడికి రాయి ఎప్పుడూ బయటి నుంచి రావలసిందే. ధవళేశ్వరం దిగువన గౌతమికీ వశిష్ఠకూ నడుమ నూతి లోతు తవ్వినా ఇసుక, ఒండ్రు, నల్లబంక తప్ప మరొకటి తగలదు. మా తాతగారి మండువా లోగిలిలో గడప కింది బండ మొదలు రుబ్బురోలు దాకా ప్రతి రాయీ ఎక్కడో మెట్ట మీద పుట్టి పడవలోనో బండిమీదో దిగినదే. అందుచేతనేమో మా ప్రాంతంలో ఇల్లు కట్టుకునేవారు రాయిని ధరను బట్టీ మెరుపును బట్టీ ఎంచుకుంటారే తప్ప, అది ఎలా పుట్టిందని అడిగే అలవాటు లేదు. రసాయనశాస్త్రం పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసిన నేను కూడా అడగవలసినంత గట్టిగా అడగలేదు. ఈ సమీక్ష ఆ పొరపాటు నుంచి పుట్టింది.

నిరుడు మాఘమాసంలో అంబాజీపేట దగ్గరి మా ఇంటికి హాలు, వసారా, ఒక స్నానాలగది కలిపి 460 చదరపు అడుగుల ట్రావర్టైన్ పలకలు కొన్నాను. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, 18 మిల్లీమీటర్ల మందం, లేత గోధుమ రంగు. చదరపు అడుగు 240 రూపాయలు, రవాణా, కూలీ వేరు. రాజమహేంద్రవరం వెళ్ళే జాతీయ రహదారి పక్కనున్న ఒక రాళ్ళ కొట్టులో తీసుకున్నాను. ఆ కొట్టు పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే లోపాలు ఆ ఒక్క కొట్టుకే చెందినవి కావు. ఆ దారిలో మరో నాలుగు కొట్లు తిరిగాను, అన్నిచోట్లా వినబడిన మాటలు ఇంచుమించు ఇవే.

మొదటి లోపం పేరులోనే ఉంది. “ఇటాలియన్ మార్బులండి మాస్టారూ” అని చూపించారు. పెట్టె మీద మాత్రం టర్కీ అని ఉంది. దేశం సంగతి అటుంచితే, అసలిది మార్బుల్ కాదు. సున్నపురాయి భూమిలోపల వేడికీ ఒత్తిడికీ లోనై, స్ఫటికాలు కొత్తగా అల్లుకుని, సందులన్నీ పూడిపోయి బిగిసినప్పుడు మార్బుల్ అవుతుంది. ఈ పలకలను అడ్డంగా పట్టుకుని చూస్తే అంచున చిన్నవీ పెద్దవీ రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని పుట్టగొడుగు కాడ దూరేంత ఉన్నాయి. మార్బుల్‌లో ఇవి ఉండవు. పదార్థం మటుకు రెండింటిలోనూ కాల్షియం కార్బొనేటే. జేబులో తీసుకెళ్ళిన వెనిగర్ సీసా నుంచి ఒక చుక్క పలక అంచున వేస్తే బుసబుసమని నురగ వచ్చింది. పక్కనే పెట్టిన మోర్బీ పలక, అంటే ట్రావర్టైన్ బొమ్మ అచ్చువేసిన పింగాణీ టైలు, ఉలకలేదు. ఈ పరీక్ష కొట్టువాళ్ళకు నచ్చదు గానీ, కొనేవారు చేసి తీరవలసిన పరీక్ష ఇదొక్కటే.

ట్రావర్టైన్ సముద్రపు రాయి కాదు, మంచినీటి రాయి. మన ఇళ్ళలో తరతరాలుగా పరుస్తున్న తాండూరు రాళ్ళూ, బేతంచర్ల రాళ్ళూ, నల్లని కడప రాళ్ళూ సున్నపు రాళ్ళే అయినా అవి ఒకనాటి సముద్రాల అడుగున మెత్తని బురదగా పేరుకుని గట్టిపడినవి. అందుకే అవి పొరలు పొరలుగా చదునుగా విడివడతాయి, వాటిలో రంధ్రాలు దాదాపు ఉండవు. ట్రావర్టైన్ పుట్టే తీరు వేరు. అది ఊటనీరు బయటపడిన చోట, ఆ నీరు పారిన దారి వెంబడి, కళ్ళెదుటే పెరిగే రాయి.

ఆ పెరుగుదల వెనుకనున్న లెక్క సులువైనదే. వానచినుకు నేలలోకి ఇంకేటప్పుడు వేళ్ళూ సూక్ష్మజీవులూ కుళ్ళుతున్న ఆకులూ వదిలిన బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడును, తనలో కలుపుకుంటుంది. మట్టి సందుల్లోని గాలిలో ఈ వాయువు బయటి గాలిలోకన్నా పది నుంచి వంద రెట్లు ఎక్కువ ఉంటుంది కనుక, నేలలోకి దిగిన నీరు పలుచని కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ నీటికి దారిలో సున్నపురాయి తగిలితే దానిని కొద్దికొద్దిగా కరిగించి కాల్షియం బైకార్బొనేటుగా మోసుకుపోతుంది. ఇంతవరకు రాయి కనబడదు, నీరు తేటగానే ఉంటుంది. ఆ నీరు ఎక్కడో ఊటగా బయటపడగానే పరిస్థితి తలకిందులవుతుంది. గోలీసోడా కొట్టగానే గాలి బుస్సుమన్నట్టు, నేలలో ఒత్తిడితో ఇమిడివున్న వాయువు గాలిలోకి లేచిపోతుంది. వాయువు పోయిన నీరు అంత సున్నాన్ని మోయలేదు. మోయలేనిది కాల్సైటు, అంటే కాల్షియం కార్బొనేటు, స్ఫటికాలుగా రాయి మీదా, మట్టి మీదా, ఆకు మీదా, పడివున్న పుల్ల మీదా దిగుతుంది. నీరు దూకేచోట, చిలికినట్టు తిరిగేచోట వాయువు త్వరగా పోతుంది కాబట్టి అక్కడే రాయి ఎక్కువ పెరుగుతుంది. మెట్లు మెట్లుగా తెల్లని తొట్లు ఏర్పడడానికి కారణం ఇదే: తొట్టి అంచు దాటేటప్పుడు పలుచనైన నీరు అంచు మీదనే ఎక్కువ సున్నం దించుతుంది, అంచు ఎత్తు పెరుగుతుంది, తొట్టి మరింత లోతవుతుంది.

దీన్ని చూడడానికి టర్కీ దాకా వెళ్ళనక్కరలేదు. బోరునీరు కాచుకునే ప్రతి ఇంట్లోనూ గీజరు కడ్డీకి పట్టే తెల్లని పెచ్చు అచ్చంగా ఇదే రాయి. అక్కడ వాయువును తరిమేది వేడి, ఊట దగ్గర తరిమేది గాలి.

చల్లని ఊటల దగ్గర, నాచు, పాచి విపరీతంగా పెరిగే వాగుల్లో ఏర్పడే మెత్తని, బాగా గుల్లగా ఉండే రకాన్ని తూఫా అంటారు. ట్రావర్టైన్ అన్న మాటను చాలామంది వేడి ఊటల దగ్గర పేరుకున్న గట్టి రకానికి వాడతారు. వేడి ఊటల్లో వాయువు మట్టి నుంచి వచ్చిందే కానక్కరలేదు, భూమి లోతుల్లో వేడెక్కిన సున్నపురాళ్ళ నుంచీ అగ్నిశిలా ద్రవం నుంచీ కూడా వస్తుంది. అందువల్ల ఆ నీరు మరింత సున్నాన్ని మోసుకొచ్చి మరింత వేగంగా దించుతుంది. మా పెట్టెల మీద రాసివున్న దేనిజ్లీ అన్న ఊరు పాముక్కలే పక్కనే ఉంది. దాదాపు 35 డిగ్రీల వేడితో పారే నీరు కొండవాలును పెరుగు ముద్దలా తెల్లగా కప్పేసిన చోటది. 1988లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇటలీలో రోముకు దగ్గరి తివోలీ మరో పెద్ద స్థావరం. ఆ ఊరి ప్రాచీన నామం తిబూరు. తిబూరు రాయి అన్న లాటిన్ మాటే అరిగి ట్రావర్టైన్ అయింది. క్రీస్తుశకం 80లో ప్రారంభమైన రోము కొలోసియం బయటి గోడలు ఆ రాతివే. కొట్టువాళ్ళు ఇటాలియన్ అనడంలో ఈ పాత ప్రతిష్ఠ నీడ ఉందనుకుంటాను.

ఇక పలకలోని రంధ్రాల సంగతి. ఇవి లోపమా, గుణమా అని నాకన్నా ముందే కొన్నవారు ముగ్గురు నన్ను అడిగారు. రంధ్రం అంటే అక్కడ ఒకప్పుడు ఏదో ఉండేదని అర్థం. నాచు కాడ, తుంగ దుబ్బు, నీటి పాచి తీగ, ఏదైనా కావచ్చు. సున్నం వాటి చుట్టూ ఒరలాగా పేరుకుంది, తరువాత మొక్క కుళ్ళిపోయింది, ఒర మిగిలింది. కొన్ని మాత్రం నీటిలో లేచిన వాయు బుడగల చుట్టూ పొర కట్టినవి. పైగా నాచూ, కంటికి కనబడని నీలిఆకుపచ్చ సూక్ష్మజీవులూ ఊరకే చిక్కుకుపోయినవి కావు. అవి ఎండలో ఆహారం తయారుచేసుకునేందుకు నీటిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటాయి, దానితో ఆ చుట్టుపక్కల సున్నం మరింత త్వరగా దిగుతుంది. వాటి జిగురు పొర స్ఫటికాలకు పట్టు ఇస్తుంది. అంటే ఈ రాతిని నీరూ గాలీ మాత్రమే కాదు, పాచి కూడా కట్టింది. మా కాలువ రేవు మెట్ల మీద పాచిని తిట్టుకుంటూ దిగే మాకు ఈ సంగతి తెలిస్తే కాస్త గౌరవమైనా కలుగుతుంది.

రాయిని కోసే తీరులో రెండు రకాలున్నాయి. పొరలకు అడ్డంగా కోస్తే పలక మీద గీతలు గీతలుగా కనబడుతుంది, దీనిని వెయిన్ కట్ అంటారు. పొరల వెంబడి కోస్తే మబ్బుల్లా, మచ్చల్లా కనబడుతుంది, అది క్రాస్ కట్. నేను కొన్నది మొదటిది, దాన్నే కొనమని సలహా కూడా ఇస్తాను, ఎందుకంటే చదవడానికి వీలైనది అదే. ముదురు గీత ఉన్నచోట వాననీరు ఎర్రమట్టినో, ఇనుము తుప్పునో తెచ్చి కలిపి ఉండవచ్చు. దట్టంగా తెల్లగా ఉన్నచోట నీరు నిలకడగా, తేటగా, వేగంగా పారి ఉండవచ్చు. ఒక పొర మీద గరుకైన అరుగుదల గుర్తు ఉంటే అక్కడ కొంతకాలం నీరు ఆగి, రాయి ఎండకు బయటపడి ఉండవచ్చు. అయితే ప్రతి గీతా ఒక ఏడాది అనుకుని లెక్కపెట్టరాదు. చల్లని వాగుల తూఫాలో వేసవికో పొర, చలికాలానికో పొర చొప్పున ఏటేటి జమాఖర్చు చాలాచోట్ల స్పష్టంగా ఉంటుంది గానీ, వేడి ఊటల దగ్గర రోజుకో పొర పడిన సందర్భాలు కూడా ఉన్నాయి. చెట్టు వలయాల మాదిరిగా పలక మీద వయసు లెక్కగట్టి చెప్పిన ఒక సేల్స్ కుర్రవాడి మాటను నేను అందుకే నమ్మలేదు.

వయసు తేల్చే అసలు పద్ధతి వేరు. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కనుక ఊటనీటి నుంచి కాల్సైటు దిగేటప్పుడు దానిలోకి యురేనియం వస్తుంది గానీ థోరియం రాదు. ఆ తరువాత రాతిలో కనిపించే థోరియం 230 అనే రకం అంతా అక్కడే యురేనియం క్షీణించి పుట్టినది కాబట్టి, రెండింటి పాళ్ళు కొలిస్తే రాయి ఎప్పుడు దిగిందో తెలుస్తుంది. సుమారు అయిదు లక్షల ఏళ్ళ దాకా ఈ గడియారం పనిచేస్తుంది. మట్టి కలిసిన పొరల్లో మాత్రం మట్టితో పాటు పాత థోరియం కూడా వచ్చి లెక్కను చెడగొడుతుంది. అందుకే పరిశోధకులు తెల్లని, దట్టమైన పొరనే ఏరుకుంటారు. కొట్టులో అందమైనదని చూపే గోధుమ రంగు గీత శాస్త్రజ్ఞుడికి తలనొప్పి.

వయసు తెలిసిన పొర ఆనాటి వాతావరణాన్ని కూడా చెబుతుంది. ఆక్సిజన్‌లో 16 బరువున్నదీ, 18 బరువున్నదీ రెండు ఐసోటోపులు, అంటే బరువులో తేడా ఉన్న పరమాణు రకాలు, కాల్సైటులో ఏ పాళ్ళలో ఉన్నాయన్నది నీటి వేడి మీదా, ఆ నీరు ఎలాంటి వాన నుంచి వచ్చిందన్నదాని మీదా ఆధారపడుతుంది. కార్బొనేట్లలోని ఈ పాళ్ళతో పాతకాలపు ఉష్ణోగ్రతలు కొలవవచ్చునని 1947లో అమెరికన్ రసాయనశాస్త్రవేత్త హెరాల్డ్ యూరీ ప్రతిపాదించాడు. ఆయన ఉద్దేశించినది ముఖ్యంగా సముద్రపు గుల్లలను. రుతుపవనాల దేశంలో మంచినీటి కార్బొనేట్ల విషయంలో వేడికన్నా వాన ఎక్కువ మాట్లాడుతుంది: వాన భారీగా కురిసిన ఏడాది బరువైన ఆక్సిజన్ పాలు తగ్గుతుంది, కరువు ఏడాది పెరుగుతుంది. కార్బన్ ఐసోటోపులు పైనున్న నేల మీద అడవి ఉండేదా గడ్డి ఉండేదా అన్న సూచన ఇస్తాయి.

ఇది ఎక్కడో ఇటలీ ముచ్చట కాదు. బస్తరు అడవుల్లో, కాంగేర్ లోయలోని దండక్ గుహలో కింద నుంచి లేచిన ఒక సున్నపు స్తంభాన్ని కోసి, క్రీస్తుశకం 600 నుంచి 1500 దాకా వానల చరిత్రను చదివిన పరిశోధన 2007లో వెలువడింది. 14వ శతాబ్దంలోనూ 15వ శతాబ్దం మధ్యలోనూ రుతుపవనాలు తీవ్రంగా దెబ్బతిన్న కాలాలు అందులో కనిపించాయి. ఆ లోయ నీరు శబరిలో కలుస్తుంది, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. మా పంట కాలువల్లోకి వచ్చే నీటిలో ఒక పాయకు ఆనాటి దినచర్య ఆ గుహలో రాయబడి ఉందన్నమాట. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహ స్తంభంలో సుమారు 4,200 ఏళ్ళ కిందటి పెద్ద కరువు గుర్తు ఎంత స్పష్టంగా ఉందంటే, 2018లో భూవిజ్ఞానుల అంతర్జాతీయ సంఘం ప్రస్తుత భూయుగానికి మేఘాలయన్ అని పేరు పెట్టి ఆ గుర్తునే దాని మొదలుగా ప్రకటించింది. బొర్రా గుహలు చూసివచ్చినవారు శివలింగాలంటూ మొక్కిన స్తంభాలూ ఇదే రసాయన చర్యతో బొట్టు బొట్టుగా పెరిగినవే, కాకపోతే అక్కడ వెలుతురు లేదు కనుక నాచు గుర్తులు ఉండవు, రాయి దట్టంగా ఉంటుంది.

గోదావరి లోయలో ఇంకా పాతది ఒకటుంది. సిరోంచ దగ్గర ప్రాణహిత ఒడ్డునున్న కోట అనే గ్రామం పేరుతో పిలిచే సున్నపురాయి జురాసిక్ కాలపు మంచినీటి సరస్సు అడుగున పేరుకున్నది. అందులో చేపల శిలాజాలు దొరుకుతాయని 19వ శతాబ్దంలోనే తెలుసు. హైదరాబాదు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఆ శిలాసముదాయంలోనిదే. సరస్సు రాయి ఊటరాయి లాంటిది కాదు. సరస్సులో పాచి కార్బన్ డయాక్సైడును పీల్చగా దిగిన సన్నని సున్నపు బురద, నత్తగుల్లల ముక్కలు, చేపల పొలుసులు చదునుగా పేరుకుంటాయి. మాకు ఇంకా దగ్గరలో, కాటేరు, పంగిడి క్వారీల్లో నల్లని లావా రాతి పొరల నడుమ ఇరుక్కున్న సున్నపురాయి ఉంది. నాగపూరు ప్రాంతంలో ఇలా లావాల మధ్య చిక్కినవి మంచినీటి నత్తలతో నిండి ఉంటే, రాజమహేంద్రవరం దగ్గరివి ఉప్పునీటి జీవుల గుల్లలతో ఉన్నాయి. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట సముద్రం ఎక్కడిదాకా వచ్చేదో ఆ తేడాయే చెబుతుంది. మా రోడ్లకు పంగిడి కంకర తోలే లారీలు దానితో పాటు ఆ తెల్లని ముక్కలు కొన్నిటిని తెచ్చి మా ఊరి గుంటల్లో పోయడం నేను చూశాను.

ఇంత వివరం ఎందుకంటే, ఈ రాతి పుట్టుక తెలిస్తే ఇంట్లో దానిని ఎక్కడ పరచాలో, ఎక్కడ పరచకూడదో వేరే ఎవరినీ అడగనక్కరలేదు. నీటిలోని వాయువు పోతే పుట్టిన రాయి, ఆమ్లం తగిలితే మళ్ళీ అదే దారిన వెనక్కి నీటిలోకి పోతుంది. ఈ ఒక్క మాట కొట్టులో ఎవరూ చెప్పలేదు.

నాకు జరిగిన నష్టం మొదటి వారంలోనే జరిగింది. పలకలు పరిచాక మిగిలిన సిమెంటు మరకలు పోవడానికి, అన్ని టైల్సుకూ చేసినట్టే, మేస్త్రి దగ్గరి కుర్రవాడు వసారాలో యాసిడ్ పోసి చీపురుతో తోమాడు. నేను భోజనానికి లోపలికి వెళ్ళిన పది నిమిషాల్లో ఆ పని అయిపోయింది. తిరిగివచ్చేసరికి నేల మరుగుతున్నట్టు నురగ కడుతోంది. కడిగి చూస్తే నునుపు పోయి, రాయి కిందికి దిగి, రంధ్రాల్లో కంపెనీవాళ్ళు నింపిన జిగురు ముద్దలు మాత్రం మొటిమల్లా పైకి తేలి ఉన్నాయి. కాల్షియం కార్బొనేటు మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే ఏమవుతుందో ముప్పై మూడేళ్ళు నల్లబల్ల మీద రాసి చూపించినవాడి ఇంట్లో ఇది జరిగింది. కుర్రవాణ్ణి ఏమీ అనలేకపోయాను. మళ్ళీ అరగదీసి పాలిష్ పట్టించడానికి చదరపు అడుగుకు 45 రూపాయలు అయింది.

రెండవది పులుసు. శ్రావణంలో బంధువులు వచ్చినప్పుడు హాలులో వరుసగా విస్తళ్ళు వేశాం. పులస పులుసు వడ్డించేటప్పుడు రెండు చుక్కలు పడ్డాయి. నూనె మరకను వెంటనే తుడిస్తే పోయింది గానీ, చింతపండు చేసిన వెలసిన మచ్చ ఇప్పటికీ ఉంది. అది మరక కాదు, రాయి తరిగిపోయిన చోటు, కాబట్టి ఎంత తుడిచినా పోదు. నిమ్మకాయ, ఆవకాయ, గోంగూర, మజ్జిగ అన్నీ ఇంతే. వంటగదిలో ఈ రాయి పరవాలనుకునే తెలుగువారికి నా సలహా ఒక్కటే, వద్దు. గడప దగ్గర పసుపు రంధ్రాల్లోకి దిగింది. ఎండ తగిలే వీధి గడప దగ్గర రెండు నెలల్లో వెలిసిపోయింది, లోపలి గడప దగ్గర మాత్రం కదల్లేదు.

మూడవది స్నానాలగది, అదే అన్నిటికన్నా చిత్రమైనది. మా బోరునీరు కఠినమైన నీరు. మూడు నెలలకు కుళాయి కింద పలకల మీద బూడిదరంగు గరుకు పొర ఏర్పడింది. అంటే అక్కడ రాయి మళ్ళీ పెరగడం మొదలుపెట్టింది. పాముక్కలేలో జరిగేదే మా బకెట్టు కింద జరిగింది. మామూలు టైలు మీద ఈ పొర పడితే బాత్రూం క్లీనర్ పోసి తీసేస్తారు, ఆమ్లం పొరను తినేసి టైలును వదిలేస్తుంది. ఇక్కడ పొరా పలకా ఒకే పదార్థం. ఒకదానిని తినే ఆమ్లం రెండవదాన్నీ తింటుంది. మెత్తని సబ్బునీటితో ఏ పూటకు ఆ పూట తుడవడం తప్ప మార్గం లేదు, అది మా ఇంట్లో సాగలేదు. పైగా నేల తడి నుంచి ఎగబాకిన ఉప్పు రంధ్రాల్లో స్ఫటికాలు కట్టి గోడ మొదట్లో పొడి రాలడం మొదలైంది. తొమ్మిదవ నెలలో ఆ గది పలకలన్నీ తీయించి బేతంచర్ల రాయి వేయించాను.

బాగున్నచోట మాత్రం ఈ రాయి నిజంగా బాగుంది. హాలులో నునుపు తక్కువగా, హోన్డ్ పద్ధతిలో రుద్దిన పలకలు తడికాలితో నడిచినా జారవు. రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చాప లేకుండా పడుకుంటే వీపుకు చల్లగా ఉంటుంది. ఉదయపు ఏటవాలు వెలుతురులో పొరల గీతలు నీటి అలల్లా కదిలినట్టుంటాయి, ఏ అచ్చు టైలూ దీనికి సాటి రాదు, ఎందుకంటే అచ్చులో ప్రతి అయిదవ టైలు మొదటిదానిలాగే ఉంటుంది. గీతలు పడే బెడద మటుకు మన ప్రాంతంలో ఎక్కువ. గోదావరి ఇసుకలో అధికభాగం క్వార్ట్జు. గట్టిదనపు కొలతలో దాని స్థానం 7, కాల్సైటు స్థానం 3. చెప్పులకు అంటుకుని వచ్చిన ఇసుకరేణువు ప్రతి అడుగుకూ ఒక గీత గీస్తుంది. వాకిట్లో కొబ్బరిపీచు పట్టా, గుమ్మం లోపల మరొకటి వేసి నెట్టుకొస్తున్నాం.

పరిచేటప్పుడు తెల్లని టైల్ అడ్హెసివ్ వాడాలి. మామూలు సిమెంటు వేస్తే దాని బూడిదరంగు రంధ్రాల గుండా పైకి కనబడుతుంది. ఇది మా మేస్త్రికి తెలుసు, అందుకు ఆయనను మెచ్చుకోవాలి. రాతి లోపలికి ఇంకే సీలరు ఏడాదికొకసారి పూయాలి. అది నూనెనూ పసుపునూ కొంత ఆపుతుంది గానీ ఆమ్లాన్ని ఆపదు. ఆపుతుందని కొట్టులో చెప్పినది తప్పు. కుర్చీ కాళ్ళ కింద నింపుడు జిగురు ఊడి రంధ్రాలు బయటపడితే కొట్టువాళ్ళు ఎపాక్సీ పంపిస్తామన్నారు, రెండు నెలలు తిప్పి పంపించారు. అయిదు మార్కులకు రాతికి మూడున్నర, కొట్టుకు రెండు.

కొట్టుకు రెండు కూడా ఇవ్వడానికి కారణం చివరగా జరిగిన ఒక సంగతి. హాలులో కిటికీ పక్కన మూడు పలకలు పగిలితే అదే రకం కావాలని వెళ్ళాను. కొత్త సరుకు రంగు కలవలేదు. “అదే క్వారీ అండి, అదే రాయండి” అని యజమాని నొచ్చుకున్నారు. క్వారీ అదే కావచ్చు, కానీ ఆ పొర దిగినప్పటి నీరు వేరు, దానిలో కలిసిన మట్టి వేరు. చాలాసేపు వెతికి, అంచులు దెబ్బతిన్న పాత పెట్టె ఒకటి గోడౌన్ నుంచి తీయించి, డబ్బు తీసుకోకుండా మూడు పలకలు ఇచ్చారు. వాటి మీద నడుమన రెండంగుళాల వెడల్పు ముదురు గోధుమరంగు పట్టీ ఉంది, దాని పైఅంచు గరుకుగా, తిన్నట్టుగా ఉంది, ఆపైన మళ్ళీ తెల్లని పొరలు మొదలవుతాయి. మచ్చ ఉన్నదని ఎవరూ కొనలేదట. కిటికీ కింద వాటినే వేయించాను. చూడవచ్చినవారికి వేలు పెట్టి చూపిస్తాను, ఇదిగో ఇక్కడ ఊట ఆగిపోయింది, ఇక్కడ మళ్ళీ నీరు వచ్చింది అని.